గింకా, వెళ్ళిరా

స్తుదెన్ దోల్,
1993 సెప్టెంబర్ 19

వదినా,

చేరాను. మీరు కట్టిచ్చిన బానిత్సా రొట్టె కొండ ఎక్కేదాకా కూడా మిగల్లేదు. పక్క సీటు ముసలాయన జున్ను వాసనకి అటూ ఇటూ మెసులుతుంటే సగం ఆయనకి పెట్టక తప్పలేదు. "ఎవరు చేశారమ్మా?" అన్నాడు. "మా వదిన" అన్నాను. "అయితే ఆవిణ్ణి వదిలి ఎక్కడికి పోతున్నావ్?" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మీరింకా కోపంగానే ఉంటారని తెలుసు. మీ తమ్ముడు ల్యూబెన్ పోయి రెండేళ్ళు కాకుండానే ఇంటికి తాళం వేసి కొండల్లోకి పారిపోతున్నానన్నారు. పారిపోవడమే అనుకోండి. కింది అంతస్తులో మీరు, పై అంతస్తులో నేను, మధ్యలో మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు లేదు. మీరు తట్టుకున్నారు, నావల్ల కాలేదు. ఫోన్ చేద్దామంటే ఈ కొండ లైను గరగరలో మీ చెవికి నా గొంతు అందదు. అందుకని ఉత్తరాలే.

రష్యన్ బదులు ఇంగ్లీషు చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చాక ఈ బడికి మనిషే దొరకలేదట. ఐర్లండులో పుట్టినదాన్ని దొరికానని హెడ్మాస్టర్ కరాజోవ్ నన్ను ఊరంతా తిప్పి చూపించాడు, కొత్తగా ట్రాక్టర్ కొన్నట్టు. నాకు నాలుగో తరగతి అప్పజెప్పారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక హోంవర్కు చేయించి ఇళ్ళకి పంపే పని కూడా నాదే. పిడికెడు మంది పిల్లలు, పుట్టెడు నోళ్ళు. ఎలిత్సా అని ఒకతె ఉంది, ముందు పళ్ళు రెండూ ఊడి కూడా ఊరుకోదు. "టీచర్, ఇరవై ఏళ్ళ నుంచీ మన దేశంలో ఉన్నారు కదా, ఇంకా కోడిని 'వాడు' అంటారేంటి?" అంది. అందరూ బల్లలు గుద్దుతూ నవ్వారు.

సాయంత్రం పంపేటప్పుడు మాత్రం ఇక్కడొక పద్ధతి ఉంది. గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి "వెళ్ళిరా" అనాలి. పేరు పిలవందే ఎవరూ కదలరు. చివరి పేరు గింకా. బడిలో వంట చేసే నెవెనా కూతురు. "కనబడినా కనబడకపోయినా పిలవండి, కాస్త బిడియం" అన్నాడు కరాజోవ్. నేనింకా ఆ పిల్లని చూడలేదు. వంటింట్లో అమ్మ వెనక దాక్కుంటుంది కాబోలు. ఎలాగైనా బయటికి లాగుతాను, చూస్తూ ఉండండి.

చలి అప్పుడే మొదలైంది. మీ మోకాళ్ళు జాగ్రత్త.

మీ నూలా

*

బుర్గాస్,
1993 అక్టోబర్ 4

నూలా,

నాకు కోపమేమీ లేదు. కోపముంటే బానిత్సా ఎందుకు కడతాను? రాయి కట్టేదాన్ని.

ఇక్కడంతా మామూలే. సముద్రం ఖాళీ అయింది, యాత్రికులు పోయారు, కొంగలూ పోయాయి. నీ కుండీలకి నీళ్ళు పోస్తున్నాను. లిఫ్టు మళ్ళీ చెడింది.

నీ ఉత్తరంలో నాకు నచ్చినది ఆ బిడియం పిల్ల. చిన్నప్పుడు నేనూ అంతే, నువ్వు నమ్మవు గానీ. పెద్దవాళ్ళు పలకరిస్తే బల్ల కింద దూరేదాన్ని. అలాంటి పిల్లల్ని లాగకూడదు. పక్కన కూర్చుని ఏదో పని చేసుకుంటూ ఉండాలి, వాళ్ళే వస్తారు. నెవెనాది రోజంతా వంటపనే కదా, అల్లే తీరికుండదు, పిల్లకి కాళ్ళు చల్లబడతాయి. మిగిలిన ఎర్ర ఊలుతో ఒక జత కాలి జోళ్ళు అల్లి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల కొలత అంచనా వేశాను. సరిపోయాయో లేదో రాయి. బుర్గాస్ అత్త పంపిందని చెప్పు.

ఆ ముసలాయనకి నువ్వు జవాబు చెప్పి ఉండాల్సింది.

వెలికా

*

స్తుదెన్ దోల్,
1993 అక్టోబర్ 24

వదినా,

జోళ్ళు అందాయి. నెవెనాకి ఇచ్చినప్పుడు జరిగింది రాయాలి. ఆవిడ పెద్దగా మాట్లాడదు. చిక్కుడుగింజల పులుసు గరిటెతో వేస్తూ తల కూడా ఎత్తదు. "గింకాకి, మా వదిన అల్లింది" అనగానే గరిటె కుండలో జారిపోయింది. జోళ్ళని ముద్దుపెట్టుకుని నా చెయ్యి ముద్దుపెట్టుకుంది. "సరిపోతాయి. తన కాళ్ళు పెరగలేదు" అంది. వెంటనే క్లాసులోకొచ్చి కిటికీ పక్క బల్ల కింద వాటిని జతగా పెట్టి వెళ్ళింది. పొద్దున చూస్తే అక్కడ లేవు.

గింకాని ఇంకా చూడలేదు. మొదట్లో ఇది పిల్లల ఆట అనుకున్నాను. ఆ కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంటుంది, కానీ ఎవరూ సంచి కూడా పెట్టరు. వరండాలో జంటలుగా నడిచేటప్పుడు ఒక మనిషి పట్టేంత జాగా వదులుతారు, ఆ జాగా వాళ్ళతోపాటు మలుపు తిరుగుతుంది. "గింకా వచ్చిందా?" అంటే అందరూ మీ దేశపు తీరులో ఔనని తలలు అడ్డంగా ఊపుతారు. నవ్వరు. అంతలేసి అల్లరి పిల్లలు, అక్కడ మాత్రం నవ్వరు.

మొన్న లెక్కలు చేసుకుంటూ ఎలిత్సా చెయ్యెత్తింది.

"టీచర్, గింకా ఒకటి అడుగుతోంది."

"తననే అడగమను."

"తనకి సిగ్గు. మీరు ఇంట్లో కుర్చీతో ఎందుకు మాట్లాడతారని."

వదినా, మీకెప్పుడూ చెప్పలేదు. రోజూ రాగానే పొయ్యి ముందు ఒక కుర్చీ వేసి ల్యూబెన్ ఉన్నట్టే ఆ రోజు సంగతులన్నీ చెబుతాను. పిచ్చి కాదు, అలవాటు. కానీ నేనుండేది మేడ మీద. ఉన్న ఒక్క కిటికీ లోయ వైపు తెరుచుకుంటుంది. అటు నిలబడి చూడ్డానికి గట్టు కూడా లేదు. ఎవరు చూశారు?

"ఎవరు చెప్పారే నీకు?" అన్నాను గట్టిగా. ఎలిత్సా బిత్తరపోయింది. "చెప్పాను కదా టీచర్" అంది.

ఆ సాయంత్రం "గింకా, వెళ్ళిరా" అన్నప్పుడు కిటికీ పక్క చోటు వైపు చూడలేదు. వరండా చివర నెవెనా ఎప్పట్లాగే నిలబడి విని, అప్పుడు ఏప్రన్ విప్పుకుంది.

మీ ఉత్తరం కోసం చూస్తుంటాను.

నూలా

*

బుర్గాస్,
1993 నవంబర్ 3

నూలా,

ఇది కూర్చుని చదువు.

మూడో అంతస్తు స్తోయ్నా అవ్వది మీ కొండ అవతలి ఊరని నాకు తెలియదు. జోళ్ళు అల్లుతుంటే చూసింది కదా, నిన్న మెట్ల మీద "ఎవరికి పంపావ్?" అంది. చెప్పాను. ముఖం మీద శిలువ గుర్తు వేసుకుంది.

ఆ పిల్ల పోయింది, నూలా. పోయిన ఫిబ్రవరిలో. మంచు తుఫాను వస్తోందని టీచరమ్మ బడి ముందే వదిలేసింది. పిల్లలందరూ గుంపుగా పరిగెత్తారు. గింకా కూడా అందరితో పోయిందని ఆవిడ అనుకుంది. కోటు వేసుకుంటూ వెనకబడిందో, వంటింట్లో అమ్మకోసం చూసిందో ఎవరికీ తెలియదు. ఇల్లు చేరలేదు. మంచు కరిగాక లోయంతా వెతికినా ఏమీ దొరకలేదట. ఆ టీచరమ్మ ఊరు విడిచిపోయింది. ఆ తల్లి ఇప్పటికీ సమాధి కట్టనివ్వలేదు, పోయినవాళ్ళ పేరు మీద గోధుమలు ఉడికించి పంచనివ్వలేదు.

చచ్చిన పిల్లకి జోళ్ళు అల్లించావు నాచేత. నీకు తెలిసే చేశావా? తెలియకపోతే నిన్ను ఏమీ అనను. తెలిసినా నాకు రాయలేదంటే మాత్రం ఇక నాకేమీ రాయకు.

ఆ ఊరివాళ్ళు నీచేత చేయిస్తున్నది మంచిపని కాదు. పోయినవాళ్ళని రోజూ పిలవకూడదు. పిలవడం ఆపెయ్. పిల్లలకి నిజం చెప్పు. ఆ కుర్చీ కూడా తీసెయ్.

వెలికా

*

స్తుదెన్ దోల్,
1993 నవంబర్ 21

వదినా,

తెలియదు. ఒట్టు, తెలియదు.

మీ ఉత్తరం పట్టుకుని కరాజోవ్ గదిలోకి వెళ్ళాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీకు తెలుసనుకున్నాం" అన్నాడు.

"ఎవరు చెబితే తెలుస్తుంది?"

"ఎవరో ఒకరు చెబుతారని అందరం అనుకున్నాం." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఈ చుట్టుపక్కలవాళ్ళెవరూ ఆ గదిలోకి రామన్నారు. పరాయిదేశపు మనిషైతే ఎందుకని అడక్కుండా చేస్తుందనుకున్నాం" అన్నాడు. ఇరవై ఏళ్ళు ఇక్కడ బతికాక కూడా అంతేనన్నమాట నేను.

ఆ కోపంతోనే క్లాసుకి పోయాను. సాయంత్రం పేర్లు పిలిచాను. ఎలిత్సా పేరుతో ఆపేశాను. ఎవరూ కదల్లేదు. "గింకా మనతో లేదు. మీ అందరికీ తెలుసు. ఇక వెళ్ళండి" అన్నాను. ఎంతో మెత్తగా చెప్పాననే అనుకున్నాను. పిల్లలు నావైపు కాదు, కిటికీ వైపు చూశారు. ఎవరికో అవమానం జరిగితే చూసినట్టు. నేను తలుపు బార్లా తెరిచి ఒక్కొక్కరినీ భుజం పట్టుకుని బయటికి పంపాను. వరండా చివర నెవెనా నిలబడే ఉంది. ఏప్రన్ విప్పుకోలేదు.

బయట పొగమంచు. ఎదురుగా ఉన్న కంచె కూడా కనపడటం లేదు. నేను ఇల్లు చేరి పొయ్యి వెలిగించేలోపే ఎలిత్సా తల్లి పరిగెత్తుకొచ్చింది. పిల్ల ఇంటికి రాలేదని.

వదినా, ఆ తర్వాత గడిచినదాన్ని ఎలా రాయను? మగవాళ్ళు ముసుగుల పండక్కి నడుముకి కట్టుకునే పెద్ద గంటలు తీసి, మోగిస్తూ లోయలోకి దిగారు. ఆ పొగమంచులో గంటలు ఎక్కడ మోగుతున్నాయో తెలియదు, అన్ని వైపులనుంచీ ఒకేలా వినిపిస్తాయి. వాళ్ళ వెనకాల నెవెనా. ఆవిడ అరుస్తున్నది ఎలిత్సా పేరు కాదు.

చీకటి పడేముందు గొర్రెలకాపరి ఒకాయనకి దొరికింది. లోయ అంచున రాయి మీద కూర్చుని ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే కింద వాగే. దెబ్బ లేదు, ఏడుపు లేదు.

"ఇక్కడికెందుకు వచ్చావే?" అని వాళ్ళమ్మ ఊపేసింది.

"గింకాని దింపడానికి. టీచర్ వెళ్ళమనలేదు కదా, ఒక్కతే ఉండిపోయింది. నేను తీసుకెళ్తానన్నాను." తర్వాత నావైపు తిరిగి చిన్నగా, "తనకి ఇల్లు తెలియదు టీచర్. బడికి దారొక్కటే తెలుసు" అంది.

పిల్లని ఎత్తుకున్నప్పుడు నేనే తన చెయ్యి పట్టుకున్నాను. కోటంతా మామూలు తడి. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర మాత్రం బట్ట గడ్డకట్టి ఉంది, ఎవరో పట్టుకున్నంత మేర. ఇంకా మంచు కురవలేదు ఈ ఏడు.

మర్నాటి నుంచీ మళ్ళీ పిలుస్తున్నాను. మీరు ఏమన్నా సరే.

నూలా

*

బుర్గాస్,
1994 ఫిబ్రవరి 12

నూలా,

ఇది మూడో ఉత్తరం. దేనికీ జవాబు లేదు. మంచుకి దారి మూసుకుపోయిందని పోస్టాఫీసులో చెబుతారు. నువ్వు నామీద కోపంతో రాయడం లేదని నాకనిపిస్తుంది.

నేను ఇక్కడ కుర్చీలో కూర్చుని 'ఆపెయ్' అని రాశాను, అక్కడ ఇంకొకళ్ళ పిల్ల లోయ అంచుకి పోయింది. నిద్ర పట్టడం లేదు. ఆ ఎలిత్సా తల్లికి నా తరఫున ఏదన్నా చెప్పగలిగితే చెప్పు. ఏం చెప్పాలో నాకు తెలియదు.

వచ్చెయ్ నూలా. నీ ఇల్లు తెరిచి గాలి ఆడించాను. పరుపు ఎండబెట్టాను.

ఇంకొకటి. నువ్వు తట్టుకోలేక పారిపోయావనీ నేను తట్టుకున్నాననీ రాశావు. నేను రోజూ సాయంత్రం తలుపు ఓరగా తీసి పెడతాను. మెట్లు ఎక్కుతూ తమ్ముడు "అక్కా, తిన్నావా?" అని అడిగే వేళకి. నువ్వు పై అంతస్తులో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ చూడలేదు అంతే. కుర్చీ తీసెయ్యమన్నాను కదా. తీయకు.

వెలికా

*

స్తుదెన్ దోల్,
1994 మే 8

వదినా,

మీ ఉత్తరాలు మూడూ ఒకేరోజు వచ్చాయి, మార్చిలో, దారి తెరిచాక. కోపమా? ఆ మెట్ల సంగతి చదివి, ఆ ఉత్తరం పట్టుకునే పొయ్యి ముందు నిద్రపోయాను. వెంటనే రాయకపోవడం నా తప్పే. ఏమని రాయాలో తేలేదాకా ఆగాను.

ఈ చలికాలమంతా గింకాకి "వెళ్ళిరా" చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు భయం లేదని చెప్పను. ఉంది. నల్లబల్ల మీద రాస్తుంటే వెనక ఒక సుద్దముక్క కదిలిన చప్పుడు వినిపిస్తుంది. తిరిగి చూడను. కానీ అలవాటైపోయింది, బిడియం పిల్లలకి అలవాటైనట్టే. మీరు చెప్పారుగా, పక్కన మన పని మనం చేసుకోవాలని.

ఈ నెలాఖరుతో నాలుగో తరగతి అయిపోతుంది. అయిదు నుంచీ పిల్లలు బస్సెక్కి పట్నం బడికి పోవాలి. కొత్తగా నాలుగులోకి వచ్చేవాళ్ళు లేరు. ఈ గదికి తాళం వేస్తారు. ఆ మాట కరాజోవ్ చెప్పిన రోజు నెవెనా వంట మాడింది. సాయంత్రం గిన్నెలు కడుగుతూ నాతో మొదటిసారి నాలుగు మాటలు మాట్లాడింది.

"నేనే దాన్ని ఇక్కడ పెట్టుకున్నాను. లోయలో చలి కదా. ఇక్కడ పొయ్యి ఉంటుంది, పిల్లలుంటారు. మీరందరూ పేరు పిలుస్తారు. వెళ్ళిరా అంటారు. అంటే మళ్ళీ రమ్మనే కదా."

నేను గుడ్డ తీసుకుని గిన్నెలు తుడవసాగాను.

"ఎలిత్సా తల్లి ఆ మర్నాడు మా గేటు దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నిలబడి నిలబడి పోయింది. తిట్టినా బాగుండేది." గిన్నె బోర్లించింది. "ఖాళీ గదిలో దాన్ని ఒక్కదాన్నీ ఎలా వదలను? ఆఖరి రోజు నేనే వస్తాను. నేనే పిలుస్తాను. మీ వదినని కూడా రమ్మనండి, జోళ్ళు పంపినావిడని."

ఎందుకు మీరో నాకు తెలియదు. అడగలేదు. వస్తారా? బస్సు దిగిన దగ్గర నేనుంటాను.

మీ నూలా

*

బుర్గాస్,
1994 జూన్ 3

నూలా,

మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. దారిలో తినమని నువ్వు పెట్టిన బంగాళాదుంపల రొట్టె సగం డ్రైవర్ తిన్నాడు. వచ్చే ఏడు కూడా ఆ ఊళ్ళోనే ఉండి చిన్నపిల్లలకి చెబుతానన్నావు. బస్టాండులో నేను తల అడ్డంగా ఊపాను, ఔనని. మళ్ళీ మాట మార్చను. నీ కుండీలు నేను చూసుకుంటాను.

బడిలో ఆ ఆఖరి రోజు నీతో చెప్పనిది ఒకటి ఉంది. పేర్లు పిలిచాక నువ్వు పిల్లలవైపు వీపు పెట్టి నల్లబల్ల తుడుస్తున్నావు. ఏడుస్తున్నావు. అందుకని నువ్వు చూడలేదు.

నేను వచ్చేసరికి ఎక్కడా చోటు లేదు, తల్లులంతా వచ్చేశారు. కాళ్ళు లాగుతుంటే చూసుకోకుండా కిటికీ పక్క బల్ల మీద కూర్చున్నాను. పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ఎక్కడ కూర్చున్నానో అప్పుడర్థమై లేవబోయాను. ఆ పళ్ళూడిన పిల్ల, ఇప్పుడు వచ్చాయిలే, "పర్లేదు బామ్మా, తను పక్కకి జరిగింది" అంది.

నూలా, నేను ముప్ఫై ఏళ్ళు ఓడరేవు ఆఫీసులో పనిచేసినదాన్ని. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని కసిరేదాన్ని. ఆ బల్ల పాతది, చెక్క కుంగిపోయి ఉంది. పక్కన ఎవరైనా కూర్చుంటే మన వైపుకి కూడా వంగుతుంది. అది వంగి ఉంది. పొద్దుటి నుంచీ. చలి లేదు, చప్పుడు లేదు. చిన్నపిల్ల పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. భయమేయలేదు. కదిలితే తనకి ఇబ్బందేమోనని మాత్రం కదలకుండా కూర్చున్నాను.

నువ్వు పిల్లల పేర్లు పిలిచావు. ఎవరూ పోలేదు, గోడవారగా నిలబడ్డారు. అప్పుడు నెవెనా వచ్చింది. ఏప్రన్ లేదు. చేతిలో రెండు తెల్ల పియోనీ పూలు. రెండు, నూలా. బతికున్న పిల్లకి ఏ తల్లీ జత పూలు తేదు. ఎలిత్సా తల్లి వాటిని చూసి నోటికి తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుంది. నెవెనా వచ్చి వాటిని నా ముందు పెట్టింది. నా పక్కకి చూసింది. నావైపు కాదు.

"గింకా, ఇక వెళ్ళు తల్లీ" అంది. నువ్వు రోజూ అన్నట్టు వెళ్ళిరా అనలేదు. వెళ్ళు అంది.

బల్ల పైకి లేచింది. నా ఒళ్ళు కొంచెం పక్కకి ఒరిగింది, అంతే. పిల్లలందరి తలలూ ఒకేసారి తిరిగాయి, నా పక్కనుంచి తలుపు వైపుకి, మెల్లగా, చిన్న అడుగులు వేసే మనిషిని చూస్తున్నట్టు. నెవెనా ముందుగా పోయి తలుపు తెరిచి పట్టుకుంది. తన నడుమంత ఎత్తులోకి చూస్తూ, కాసేపు ఆగింది.

"గుండీలు పెట్టుకో. బయట చలి" అంది.

మే నెలాఖరు. అందరం పొట్టిచేతుల చొక్కాల్లో ఉన్నాం.

తర్వాత ఆవిడ తలుపు వదిలేసి గోడకి జారబడింది. తల్లులు పట్టుకున్నారు. తలుపు దగ్గర ఎవరూ లేరు, నూలా. గాలి కూడా లేదు, నీ బల్ల మీది కాగితం కదల్లేదు. ఆ తలుపు చప్పుడు కాకుండా, లోపల ఇంకా పాఠం జరుగుతోందని తెలిసిన పిల్ల మూసినట్టు, నెమ్మదిగా మూసుకుంది.

నీ వదిన,
వెలికా